ఇంగ్లీషు ఎక్కడ ఆగిపోతోంది: తొమ్మిదో తరగతి వినడం, చదవడం ప్రాజెక్టు డైరీ

జూన్ మూడో వారం

మా జిల్లా పరిషత్ హైస్కూలు కర్నూలు జిల్లాలో, పత్తికొండకు దగ్గర్లో ఉంది. తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు నేనే చెప్తాను. ఈ ఏడాది పెట్టుకున్న పని ఇది: తొమ్మిదిలో ప్రతి ఒక్కరికీ ఇంగ్లీషు వింటే ఎంత అర్థమవుతోంది, చదివితే ఎంత అర్థమవుతోంది అన్నది విడివిడిగా తెలుసుకోవాలి. చెప్పిన పాఠాల మీద కాదు. పాఠం మీద ప్రశ్న అడిగితే గైడులోది ఎంత గుర్తుందో తెలుస్తుంది, అంతే. పిల్లలు ఇంతకు ముందు చూడని పేరా ఒకటి ముందు పెట్టాలి, వినని మాటలు నాలుగు వినిపించాలి, అప్పుడు చూడాలి.

ఎనిమిదో తరగతి మార్కుల రిజిస్టరు తిరగేస్తే ఇంగ్లీషు గడిలో ఒకే మార్కు వచ్చినవాళ్లు వరసగా కనిపిస్తారు. వాళ్లలో ఒకరు పేపరు పట్టుకుంటే గడగడా చదువుతారు, ఒక్క వాక్యానికీ అర్థం చెప్పలేరు. ఇంకొకరు ప్రతి మాట దగ్గరా ఆగిపోతారు, నేను ఇంగ్లీషులో చిన్న కథ చెప్తే మాత్రం అందరికంటే ముందు నవ్వుతారు. ఇద్దరికీ ఒకే మార్కు, ఒకే రెమెడియల్ క్లాసు, అవే గ్రామర్ బిట్లు. ఒకరికి కావలసింది ఇంకొకరికి పెడుతున్నామేమో అన్న దిగులు నాకు చాలా రోజుల నుంచీ ఉంది.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు మొత్తం రాత పేపరే. వినడానికి ఒక్క మార్కూ లేదు. మార్కు లేనిదానికి పీరియడ్ ఎవరిస్తారు? 2023లో రాష్ట్ర ప్రభుత్వం అమెరికాలోని ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని ఆ సంస్థ ఇంగ్లీషు పరీక్ష టోఫెల్‌ను బడుల్లోకి తెచ్చినప్పుడు, వినడం కూడా ఒక పరీక్షేనని మా పిల్లలకు తెలిసింది. టోఫెల్ జూనియర్ పేపర్లో వినడానికి 42 ప్రశ్నలు, వ్యాకరణానికీ పదాల వాడుకకూ కలిపి 42, చదవడానికి 42 ఉంటాయి. ఒక్కో భాగానికి 200 నుంచి 300 మధ్య విడి స్కోరు వేస్తారు. తర్వాత ఆ కార్యక్రమం ఆగిపోయింది కానీ, దానిలోని ఈ విడి స్కోరు పద్ధతి నాకు బాగా నచ్చింది. అదే మా బడికి సరిపోయేలా, మా పిల్లల బతుకుల్లోంచి ప్రశ్నలు తీసి తయారు చేయాలని కూర్చున్నాను.

దీని వెనక ఉన్న ఆలోచన పాతదే. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడం గురించి ఒక చిన్న సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే రెండు పనుల గుణకారం అన్నారు: అచ్చులో ఉన్నదాన్ని మాటగా పలుక్కోవడం ఒకటి, ఆ మాట వింటే అర్థం తెలియడం ఇంకొకటి. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా మొత్తం సున్నానే. కాబట్టి చదివే పరీక్ష ఒక్కటే పెడితే సున్నా ఎటువైపు ఉందో తెలీదు. వినే పరీక్ష కూడా పక్కన పెడితేనే తెలుస్తుంది.

జూన్ చివరి వారం

ప్రశ్నలు రాయడం మొదలుపెట్టాను. ముందు ఒక నిర్ణయం తీసుకున్నాను. వినే పరీక్షలో పిల్లలు ఇంగ్లీషు చదవాల్సిన పని ఉండకూడదు. చదివే పరీక్షలో ఇంగ్లీషు రాయాల్సిన పని ఉండకూడదు. మామూలుగా వినే పరీక్ష అంటే ఆడియో వినిపించి, ఇంగ్లీషులో అచ్చయిన నాలుగు జవాబుల్లో ఒకటి టిక్ పెట్టమంటాం. చదవడం రాని పిల్లాడు ఆడియో మొత్తం అర్థం చేసుకుని కూడా ఆ నాలుగు జవాబుల దగ్గర ఆగిపోతాడు. మనమేమో వాడికి వినడం రాదని రాసుకుంటాం. అందుకని వినే పేపర్లో జవాబులన్నీ బొమ్మలు, లేదంటే తెలుగు మాటలు. బొమ్మలు మా డ్రాయింగ్ సార్ వేసిచ్చారు. చదివే పేపర్లో పేరా ఇంగ్లీషులో ఉంటుంది, ప్రశ్నలూ జవాబులూ తెలుగులో ఉంటాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు కొందరున్నారు. వాళ్లకు నోటితో అడిగేటప్పుడు ఉర్దూలో చెప్పినా సరే అనుకున్నాం. ఉర్దూ తెలిసిన హిందీ మేడం పక్కన కూర్చుంటానన్నారు.

స్టాఫ్ రూములో ఒకరు అడిగారు, ఇంగ్లీషు పరీక్షలో తెలుగు జవాబులేంటి అని. వాళ్లకు కాగితం మీద ఒక వాక్యం రాసి చూపించాను: "ద టోమా ప్లిక్డ్ ఎ గ్రెన్ ఇన్ ద సోబ్." ఇందులో టోమా, ప్లిక్, గ్రెన్, సోబ్ అన్నీ నేను కల్పించిన మాటలే, ఇంగ్లీషులో వాటికి అర్థం లేదు. కింద ప్రశ్న: "వాట్ డిడ్ ద టోమా ప్లిక్?" జవాబు అందరికీ తెలుసు, "ఎ గ్రెన్". "వేర్?" అంటే "ఇన్ ద సోబ్". రెండుకు రెండు మార్కులు, అర్థం అయింది మాత్రం ఏమీ లేదు. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి ఆ లైను దించేయడం మా పిల్లలకు ఆరో తరగతికే వచ్చేస్తుంది. అది వాళ్ల తెలివి. ఆ తెలివితో గట్టెక్కే దారి మన ప్రశ్నల్లో ఉన్నంత కాలం చదవడం వచ్చో రాదో మనకు కనిపించదు.

జూలై మొదటి వారం

రికార్డింగు. మూడు గొంతులు తీసుకున్నాను. నాది ఒకటి, పిల్లలకు అలవాటైన గొంతు. సాంఘిక శాస్త్రం సార్‌ది ఒకటి. మూడోది హైదరాబాదులో కాల్ సెంటర్లో పనిచేసే మా తమ్ముడిది. వాడికి మాత్రం మామూలుగా ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు, ఎవరి కోసమూ ఆగొద్దు అని చెప్పాను. నేను నిమిషానికి 100 మాటల దగ్గర చదివాను. ఇంగ్లీషు సహజంగా మాట్లాడేవాళ్ల వేగం నిమిషానికి 150 దరిదాపుల్లో ఉంటుంది, తమ్ముడు అక్కడ ఉన్నాడు. ఒక్కో ముక్క నిమిషం దాటకుండా చూశాం. పొడుగైతే అది జ్ఞాపకశక్తి పరీక్ష అయిపోతుంది. ప్రతి ముక్కా రెండుసార్లు వినిపించాలి, ప్రశ్న ముందే తెలుగులో చదివి చెప్పాలి. నిజ జీవితంలో ఎవరైనా ఏదో ఒకటి తెలుసుకోవాలనే వింటారు. గుంతకల్లు జంక్షన్లో అనౌన్స్‌మెంట్ వినేవాడికి తన బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కావాలి, మిగతాది అక్కర్లేదు.

జూలై రెండో వారం

ఇంగ్లీషు ఆడియో వినిపించే ముందు తెలుగు ఆడియో ఒకటి వినిపించాం. తెలుగు మేడం గొంతుతో చిన్న ప్రకటన: ఫలానా రోజున, ఫలానా గదిలో, ఇన్ని గంటలకు, ఇంత మంది రావాలి. అదే గది, అదే స్పీకరు, అదే సౌండు. విన్నది రాయమన్నాం. తెలుగు వినడంలో ఎవరికీ ఇబ్బంది ఉండదు కాబట్టి, ఎవరైనా అంకె తప్పు రాస్తే అది గది తప్పు, భాష తప్పు కాదు.

వెనక రెండు బెంచీల్లో చాలామంది గంట తప్పు రాశారు. గోడ మీది ప్యానెల్ స్పీకర్లలోంచి వచ్చిన శబ్దం గదంతా తిరిగి మారుమోగుతోంది. పైన ఫ్యాన్లు, కిటికీ అవతల రోడ్డు మీద ట్రాక్టర్లు. ఇదే గదిలో నేరుగా ఇంగ్లీషు పరీక్ష పెట్టి ఉంటే వెనక బెంచీ పిల్లలందరికీ వినడం రాదని తేలేది. వాళ్లలో సగం మంది పొడుగ్గా ఉన్నారని వెనక్కి పంపినవాళ్లే.

లైబ్రరీ గదికి మారాం. పుస్తకాల బీరువాలు ఉండటం వల్ల అక్కడ మోత తక్కువ. ఒకసారికి సగం సెక్షనే, ఫ్యాన్లు ఆఫ్, చిన్న బ్లూటూత్ స్పీకరు గది నడిమధ్య స్టూలు మీద. తెలుగు ప్రకటన మళ్లీ వినిపిస్తే ఈసారి అందరూ సరిగ్గా రాశారు. అప్పుడు ఇంగ్లీషు మొదలుపెట్టాం. ఎవరు వినే పరీక్ష పెట్టినా ఈ తెలుగు ముక్క ముందు పెట్టుకోవాలని గట్టిగా చెప్తాను. ఖర్చు లేదు, పది నిమిషాల పని, దాని తర్వాత వచ్చే ప్రతి మార్కునూ నమ్మొచ్చు.

జూలై మూడో, నాలుగో వారాలు

వినే పేపరు అయింది. ఇక్కడ కాస్త వివరంగా రాసుకోవాలి.

ఒక ప్రశ్న ఇలా ఉంది. ఆడియోలో హెడ్మాస్టరు ప్రకటన: ఈ రోజు సైన్స్ ల్యాబ్ మూసి ఉంటుంది, తొమ్మిదో తరగతి పిల్లలు భోజనం తర్వాత లైబ్రరీకి వెళ్లాలి. ప్రశ్న: పిల్లలు మధ్యాహ్నం ఎక్కడికి వెళ్లాలి? బొమ్మలు మూడు: ల్యాబ్, లైబ్రరీ, భోజనాల వరండా. ల్యాబ్, లైబ్రరీ, భోజనం అన్న మూడు మాటలూ ఆడియోలో ఉన్నాయి కాబట్టి ఏదో ఒక మాట చెవిన పడినంత మాత్రాన చాలదు. "క్లోజ్డ్" అన్న మాట పట్టుకుంటేనే ల్యాబ్ బొమ్మ వదిలేస్తారు. నా గొంతులో విన్నప్పుడు చాలామంది లైబ్రరీ బొమ్మే పెట్టారు. ఇలాంటిదే ఇంకో ప్రకటన తమ్ముడి గొంతులో వచ్చేసరికి మొదట చెవిన పడిన బొమ్మ దగ్గరే ఆగిపోయారు.

"ఎందుకురా, ఆ అన్న చెప్పింది అర్థం కాలేదా?" అని అడిగితే రెండో వరస కుర్రాడు చెప్పిన మాట నాకు దారి చూపించింది. "అంతా అతుక్కొనిపోయి వినపడ్తాంది మేడం. యాడ ఒక మాట అయిపోయిందో తెలీదు."

మరుసటి రోజు చిన్న ముక్కలు వినిపించి, విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాయమన్నాను. "పిక్ ఇట్ అప్" అన్నదానికి చాలామంది "పికిటప్" అని రాశారు. "నాట్ ఎట్ ఆల్" అన్నదానికి "నాటటాల్". అంటే చెవి సరిగ్గానే ఉంది! తమ్ముడు పలికింది అక్షరాలా అదే. చిక్కంతా దాన్ని మూడు మాటలుగా విడదీయడంలో ఉంది. తెలుగులో మాట సాధారణంగా అచ్చుతోనో, సున్నాతోనో ముగుస్తుంది. అందుకే మనం బస్సు, బుక్కు, పెన్ను అంటాం. మేం క్లాసులో మాట్లాడే ఇంగ్లీషులో కూడా ప్రతి మాట చివరా కొద్దిగా ఆగుతాం, పిల్లలకు మాట హద్దు తెలుస్తుంది. ఇంగ్లీషు సహజంగా మాట్లాడేవాళ్లు హల్లుతో ముగిసిన మాటను తర్వాతి అచ్చుతో కలిపేస్తారు, ఆ హద్దు మాయమవుతుంది. పదాలు తెలియక కాదు, తెలిసిన పదాలే ముసుగేసుకుని వస్తున్నాయి. ఈ సంగతి ఏ రాత పేపర్లోనూ బయటపడేది కాదు.

అంకెల ప్రశ్నల్లో థర్టీన్, థర్టీ దగ్గర తడబాటు ఎక్కువ. ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదట పడుతోందా, చివర పడుతోందా అన్నది మనం నేర్పలేదు. చివరి "న్" చెవిన పడకపోతే రెండూ ఒకటే.

మార్కుల గురించి ఒక జాగ్రత్త రాసుకుంటున్నాను. మూడేసి బొమ్మలున్న ప్రశ్నలు 20 ఉంటే, ఏమీ వినకుండా టిక్కులు పెట్టినా ఆరో ఏడో వచ్చేస్తాయి. కాబట్టి ఆరు వచ్చిన పిల్లకూ ఎనిమిది వచ్చిన పిల్లకూ తేడా ఉందని ఈ ఒక్క పేపరు చూసి చెప్పకూడదు. ఆ వరసలో ఉన్నవాళ్ల పేర్ల పక్కన మార్కు వేయలేదు, "పిలిచి మాట్లాడాలి" అని రాశాను.

ఆగస్టు

చదివే పేపరు. పేరా మా ఊళ్ల సంగతే. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం జనం వెతకడం ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. బయటి జిల్లాల నుంచి కూడా వచ్చి గుడారాలు వేసుకుంటారు. తెలిసిన విషయం మీద పేరా ఉంటే పిల్లలు భయపడకుండా చదువుతారు. కానీ దాంట్లో ఒక ప్రమాదం ఉంది: తెలిసిన విషయమైతే పేరా చదవకుండానే జవాబు చెప్పేయొచ్చు.

అందుకని పేరాను ఇలా నడిపాను. ఒక అమ్మాయి వాళ్ల అవ్వతో కలిసి తెల్లవారుజామున చేనికి పోతుంది. మెరిసే రాయి దొరుకుతుంది. వ్యాపారి చూసి అది గాజుపెంకు అంటాడు. అమ్మాయి దాన్ని పారేయకుండా పెన్సిల్ డబ్బాలో పెట్టుకుంటుంది. తర్వాత పేరా తీసేసి ప్రశ్నలు మాత్రమే పదో తరగతి పిల్లలకిచ్చి ఊహించి టిక్ పెట్టమన్నాం. దాదాపు అందరూ వజ్రం దొరికిందనీ, వ్యాపారికి అమ్మేసిందనీ పెట్టారు. చాలా సంతోషమేసింది. ఊహతో చెప్పే జవాబు తప్పవుతోంది కాబట్టి, తొమ్మిదిలో ఎవరైనా సరైన జవాబు పెట్టారంటే వాళ్లు పేరా చదివినట్టే. ఊహతోనే సరైపోయిన రెండు ప్రశ్నలు అప్పుడే తీసేశాం.

పేపరు ఒక పీరియడ్‌లో అయిపోయింది. అసలు పని ఆ తర్వాతిది: ఒక్కొక్కరినీ లైబ్రరీలో కూర్చోబెట్టుకుని చదివించుకోవడం. నా లీజర్ పీరియడ్లు, సాయంత్రం స్టడీ అవర్ అన్నీ దీనికే పోయాయి. ఫోన్‌లో నిమిషం టైమరు, నా చేతిలో అదే పేరా జిరాక్సు. తప్పు చదివిన మాట కింద గీత, వదిలేసిన మాట చుట్టూ సున్నా, తప్పు చదివి తనే దిద్దుకుంటే పక్కన చిన్న టిక్. తనే దిద్దుకోవడం మంచి గుర్తు, అర్థం కోసం చూస్తున్నారన్నమాట. నూటికి ఐదు మాటల కంటే ఎక్కువ తప్పుతుంటే ఆ పేరా ఆ పిల్లకు బరువని లెక్క. నిమిషానికి ఎన్ని మాటలు చదవాలన్నదానికి అమెరికాలో పట్టికలున్నాయి గానీ, అవి పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషు విన్న పిల్లల కోసం కట్టినవి. మా పిల్లల మీద వాటిని రుద్దదలుచుకోలేదు. చదివాక, "ఏం జరిగిందో చెప్పు" అని తెలుగులో అడగడం. ఆ తర్వాత అదే స్థాయిలో ఉన్న ఇంకో పేరా నేను చదివి వినిపించి, మళ్లీ చెప్పమనడం. పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసే ప్రథమ్ సంస్థ వాళ్ల అసర్ సర్వేలో కూడా ఇంగ్లీషు వాక్యం చదివిన పిల్లల్ని దాని అర్థం అడుగుతారు. ఆ ఒక్క అదనపు ప్రశ్నలోనే సగం నిజం బయటపడుతుంది.

ఒక అమ్మాయి వచ్చింది. క్లాసులో ఎప్పుడు రీడింగ్ అన్నా ముందు చెయ్యెత్తుతుంది. పేరా మొత్తం ఒక్క తప్పు లేకుండా చదివింది, కామా దగ్గర ఆగుతూ, ముచ్చటగా. "ఆ పిల్లకు ఏం దొరికిందమ్మా?" అని అడిగాను. వేలు పెట్టి ఆ లైను మళ్లీ చదివింది. "సరే, తెలుగులో చెప్పు." "అదే మేడం, ఈ లైను" అంది. వేలు సరైన లైను మీదే ఉంది. ఆ లైనులో ఏముందో మాత్రం ఆ అమ్మాయికి తెలీదు. నేను చదివి వినిపించిన పేరా కూడా చెప్పలేకపోయింది. తెలుగు మీడియం పుస్తకమైనా, ఎదురెదురు పేజీల్లో రెండు భాషలున్న పుస్తకమైనా, ఇన్నేళ్లుగా ఆ అమ్మాయిని రీడింగ్‌లో మెచ్చుకుంటూ వచ్చాం. అర్థం ఎవరూ అడగలేదు.

దాని వెంటే ఒక అబ్బాయి. "డాన్" అన్న మాట దగ్గర డీ, ఏ, డబ్ల్యూ, ఎన్ అని ఒక్కో అక్షరం పేరు చెప్పుకుంటూ నిలబడిపోయాడు. నిమిషం అయ్యేసరికి రెండు లైన్లు దాటలేదు, చెమటలు పట్టాయి. ఆపేసి, ఇది చాలు అని, అదే పేరా నేను చదివాను. నేను ముగించకముందే మొదలుపెట్టాడు. "వజ్రం కాదు మేడం, గాజుపెంకు. వ్యాపారి చూసి చెప్పినాడు. ఆ పాప డబ్బాలో దాచుకుంది. మా అవ్వ కూడా పోతాది మేడం, ఆయమ్మకూ ఏం దొరకలే." వీడికి ఇంగ్లీషు వచ్చు. అక్షరాల పేర్లు తప్ప, కలిస్తే వాటికి ఏ శబ్దం వస్తుందో వీడికెవరూ నేర్పలేదు. వీడి చదివే పేపర్లో వచ్చిన మార్కూ, ఆ అమ్మాయి మార్కూ దాదాపు ఒకటే.

ఈ ఇద్దరినీ చూశాక మిగతావాళ్లను సర్దడం తేలికైంది. విని అర్థం చేసుకుని చదవలేనివాళ్లు కొందరు. చదివి అర్థం తెలియనివాళ్లు చాలామంది, నేననుకున్నదానికంటే ఎక్కువ. రెండూ రానివాళ్లు కొందరు. రెండూ బాగానే ఉండి, ఎఫ్‌ఏల్లో (బడిలో ఏడాది మధ్యలో పెట్టే పరీక్షల్లో) రాయడం రాక వెనకబడ్డవాళ్లు ఒక నలుగురైదుగురు. ఈ చివరివాళ్లను చూసి నాకు బాధేసింది. ఇన్నాళ్లూ వాళ్లు వెనకబడ్డ పిల్లల జాబితాలోనే ఉన్నారు.

ఆగస్టు, ఇంకో ముక్క

రెండో పేరా కోసం పత్తికొండ సంగతే ఇంకోటి వెతుకుతుంటే మన్రో దొరికాడు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో చనిపోయింది పత్తికొండలోనే. ఆయనే 1822లో ప్రెసిడెన్సీ అంతటా బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్ల దగ్గర లెక్కలు అడిగాడు. మా ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లా కింద ఉండేది. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబులో, బడి పిల్లలు పద్యాలు లెక్కలేనన్ని అప్పజెప్తారు గానీ వాటి అర్థం వాళ్లకు తెలియదని రాశాడు. మా లైబ్రరీ గదిలో లైను మీద వేలు పెట్టిన ఆ అమ్మాయి నాకు గుర్తొచ్చింది. ఈ సంగతి చిన్న చిన్న వాక్యాల్లో పేరాగా రాశాను. దీన్ని వెంటనే వాడటం లేదు, రెండో విడతకు దాచాను.

సెప్టెంబరు

ప్రశ్నల మంచిచెడ్డలు తేల్చే పని లెక్కల సార్ తీసుకున్నారు. ఆయనకు ఇది ఇష్టమైన పని, ఎక్సెల్‌లో ఒక పూటలో చేసిపెట్టారు. పద్ధతి తేలికే. మొత్తం మార్కుల వరసలో పైనున్న 27 శాతం మందిని, కిందున్న 27 శాతం మందిని తీసుకోవాలి. 60 మంది ఉంటే అటు 16, ఇటు 16. ఒక ప్రశ్నకు పై గుంపులో 12 మంది, కింది గుంపులో నలుగురు సరిగ్గా చెప్పారనుకోండి, తేడా 8, దాన్ని 16తో భాగిస్తే 0.5. అది మంచి ప్రశ్న. 0.3 దాటితే ఉంచుకోవచ్చు. సున్నా దగ్గరుంటే ఆ ప్రశ్న ఎవరినీ వేరు చేయడం లేదు. మైనస్ వస్తే బాగా వచ్చినవాళ్లే తప్పుతున్నారు, అంటే ప్రశ్నలోనో బొమ్మలోనో ఏదో తిరకాసు ఉంది.

మాకు మైనస్ వచ్చింది ఒకే ఒక్క ప్రశ్నకు. గడియారం బొమ్మ. "క్వార్టర్ టు ఫోర్" అని ఆడియోలో ఉంది. జిరాక్సులో గడియారం ముల్లు పొట్టిదేదో పొడుగుదేదో తెలియకుండా నల్లగా అచ్చయింది. బాగా విన్న పిల్లలు ముళ్ల దగ్గర తికమకపడ్డారు. ఆ ప్రశ్న తీసేసి అందరికీ మార్కులు మళ్లీ కట్టాం. రెండో విడతలో గంటలు అంకెల్లోనే ఇస్తున్నాం.

క్లోజ్ పరీక్ష కూడా చిన్నది పెట్టి చూశాం. పేరాలో వరసగా ఐదేసి మాటలకు ఒకటి తీసేసి ఖాళీలు పూరించమనడం, 1953లో విల్సన్ టేలర్ మొదలుపెట్టిన పద్ధతి. తయారు చేయడానికి ఐదు నిమిషాలు చాలు. మా పిల్లల్లో పై వరసవాళ్లకు బాగా పనికొచ్చింది, మిగతావాళ్లకు ఖాళీలు చూస్తేనే టెన్షన్. పక్కన పెట్టాం.

అక్టోబరు, దసరా సెలవుల తర్వాత

ఫలితాలతో క్లాసులో ఏం మార్చామన్నది రాస్తాను. పరీక్ష పెట్టి వదిలేస్తే దీనికి అర్థం లేదు.

విని అర్థం చేసుకుని చదవలేనివాళ్లకు రోజూ ప్రేయర్ తర్వాత కాసేపు అక్షరాల శబ్దాలు. ఏ, డబ్ల్యూ కలిస్తే ఏ శబ్దం, పీ, హెచ్ కలిస్తే ఏది, చివర ఈ ఉంటే ముందున్న అచ్చు ఎలా మారుతుంది. ఆ అబ్బాయి ఇప్పుడు "డాన్" దగ్గర ఆగడు, "లా", "సా" కూడా తనంతట తనే చదువుతున్నాడు. వీళ్లకు పదాల అర్థాల లిస్టులు ఇవ్వడం మానేశాను. అవి వాళ్లకు ముందే తెలుసు.

గడగడా చదివి అర్థం తెలియనివాళ్లకు పైకి చదవడం ఆపించాను. వాళ్ల పని వేరు: రెండు వాక్యాలు మనసులో చదివి, పుస్తకం మూసి, పక్కవాళ్లకు తెలుగులో చెప్పాలి. మొదటి వారం ఆ అమ్మాయి ఏడుపు ముఖం పెట్టింది. తనకు బాగా వచ్చిన పని తీసేశామనుకుంది. పిలిచి కూర్చోబెట్టుకుని, నీ నోరు బంగారం, దానికి అర్థం కూడా తోడైతే ఎవరూ నిన్ను ఆపలేరు అని చెప్పాను. ఇప్పుడు తెలియని మాట వస్తే లేచి అడుగుతోంది. ఇంతకు ముందు ఎప్పుడూ అడగలేదు.

అతుక్కున్న మాటల కోసం అందరికీ కలిపి రోజూ ఒకే ఒక్క వాక్యం. తమ్ముడు వాట్సాప్‌లో పంపుతాడు, పిల్లలు విని ఎన్ని మాటలున్నాయో లెక్క చెప్పాలి. అర్థం తర్వాత, ముందు లెక్క. లెక్క మీద పందేలు కూడా కాస్తున్నారు, నేను అడ్డు చెప్పలేదు.

రాయడంలోనే ఆగిపోయిన ఆ నలుగురైదుగురి పేర్లు హెచ్‌ఎం గారికి విడిగా ఇచ్చాను. వాళ్లను వెనకబడ్డవాళ్ల జాబితా నుంచి తీసేశారు.

నవంబరు మొదటి వారం

రెండో విడత పేపరు జనవరిలో పెట్టాలన్నది మొదటి ఆలోచన. అది కుదరదు. సంక్రాంతి అటూ ఇటూ మా ఊళ్ల నుంచి మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనికి వలస, పోతారు. పత్తి తీసే పనికి కొందరు ఇప్పటికే కదిలారు. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ పోతారు. వలస పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ పెడితే కొందరు ఆగుతారు, అందరూ ఆగరు. జనవరిలో పరీక్ష పెడితే ఉన్నవాళ్ల మార్కులే వస్తాయి, ఎవరి గురించి ముఖ్యంగా తెలుసుకోవాలో వాళ్లు కొలతలోంచే జారిపోతారు. కాబట్టి ఈ నెల మూడో వారంలోనే పెడుతున్నాం.

కొత్త పేపరూ పాతదీ ఒకే బరువుతో ఉన్నాయని తెలియాలంటే రెండింటిలోనూ కొన్ని ప్రశ్నలు అవే ఉండాలి. జూలై పేపర్లో బాగా నిలిచిన ప్రశ్నల్లోంచి లెక్కల సార్ కొన్ని ఎంచి ఇచ్చారు. ఆ ప్రశ్నల జవాబులు మేం పిల్లలకు చెప్పలేదు, పేపర్లు కూడా వెనక్కి తీసుకున్నాం. మిగతావి కొత్తవి: మన్రో పేరా, ఆదోని పత్తి మార్కెట్ గురించి ఒక సంభాషణ, ఒక బస్సు ప్రకటన. పేరా లేకుండా ప్రశ్నలు మాత్రం ఇచ్చి చూడటం పదో తరగతిలో అయిపోయింది. పత్తి మార్కెట్ సంభాషణలో ఒక ప్రశ్న వినకుండానే చెప్పేశారు, మార్చాలి.

సుగ్గికి పోయే పిల్లల కోసం ఒక్కో కాగితం తయారు చేస్తున్నాను. మార్కు ఉండదు. ఈ పిల్లకు వింటే ఇంతవరకూ అర్థమవుతుంది, చదివితే ఇక్కడ ఆగుతుంది, ఇప్పుడు నేర్పుతున్నది ఇది అని తెలుగులో మూడు వాక్యాలు. అక్కడ ఏ బడిలో కూర్చోబెట్టినా ఆ టీచరుకు మొదటి రోజే తెలియాలని. తల్లిదండ్రుల మీటింగులో వాళ్ల చేతికిచ్చి చదివి వినిపిస్తాం.

లైబ్రరీ గది శనివారం మధ్యాహ్నం రికార్డింగుకు ఇస్తామని హెచ్‌ఎం గారు చెప్పారు. సాంఘికం సార్ గొంతు ముందు, తమ్ముడిది ఆదివారం వస్తుంది.